పదార్థములకు పేర్లు దిద్దిన లావోయిజరు

1770వ సంవత్సర ప్రాంతమున పారిసు నగరములోని మందుల యంగడిలో అడుగిడినవానికి అలమరలపై విచిత్రమైన పేర్లు కనబడెడివి. ఒక జాడీపై 'ఆర్సెనికు వెన్న' యనియు, మరియొకదానిపై 'సీసపు చక్కెర' యనియు, వేరొకదానిపై 'జింకు పూలు' అనియు వ్రాసియుండెడిది. ఆ వెన్న పాలనుండి తీసినది కాదు. అది ఘోరమైన విషము. ఆ చక్కెర నాలుకకు తియ్యగానే యుండును గాని తిన్నవాని నరములను, రక్తమును చెఱచును. ఆ పూలు ఏ చెట్టునను పూసినవి కావు. రసాయన శాస్త్రము నేర్వగోరు విద్యార్థి ఇట్టి పేర్లను వందలకొలదిగా వల్లించవలసియుండెను. ఒకే పదార్థమునకు ఊరికొక పేరు, గురువుకొక పేరు. పేరు విన్నంతమాత్రమున అందులో నేమున్నదో ఎవ్వరికిని తెలియకుండెను.

ఈ చిక్కు పరదేశములలోనే కాదు, మన యంగడులలోను గలదు. మైలుతుత్తము, పాలతుత్తము, అన్నభేది అను మూడింటిని మన పెద్దలు ఎఱుగుదురు. మొదటిదానిలో రాగియు, రెండవదానిలో తుత్తునాగమును, మూడవదానిలో ఇనుమును గలవు. మూడింటిలోను ఆ లోహముతో గంధకమును, ఆమ్లజనియు ఒకే తీరున కలిసియున్నవి. అనగా ఈ మూడును తోబుట్టువులు. కాని అన్నభేది తక్కిన రెండింటికి తోబుట్టువని దాని పేరు చెప్పదు. కాపర్ సల్ఫేటు, జింకు సల్ఫేటు, ఫెర్రస్ సల్ఫేటు అనినచో ఆ చుట్టరికము వెంటనే తెలియును. ఇట్లు పేరులోనే పదార్థము యొక్క పుట్టుకను నిలిపిన పద్ధతిని 1787వ సంవత్సరమున నలుగురు ఫ్రెంచి పండితులు ఏర్పఱచిరి. వారిలో అగ్రగణ్యుడు ఆంట్వాన్ లొరాన్ లావోయిజరు.

లావోయిజరు 1743వ సంవత్సరము ఆగస్టు 26వ తేదీన పారిసు నగరమున జన్మించెను. తండ్రి న్యాయవాది, కలిగినవాడు. ఐదేండ్ల ప్రాయముననే తల్లి గతింపగా, పినతల్లి యాతనిని కన్నబిడ్డవలె పెంచెను. తండ్రి కోరికపై న్యాయశాస్త్రము చదివి పట్టము నందెను గాని, ఆతని మనస్సు ప్రకృతి శాస్త్రములపై లగ్నమై యుండెను. రూయెల్ అను రసాయనాచార్యుని ఉపన్యాసములను వినుటయు, గెట్టార్ అను భూగర్భ శాస్త్రజ్ఞునితో దేశమంతట తిరిగి రాళ్లను, నీళ్లను పరీక్షించుటయు ఆతనికి వేడుక. పారిసు వీథులకు మంచి దీపములను ఏర్పఱచు విధమునుగూర్చి వ్యాసము వ్రాసి 1766లో రాజుగారి బంగారు పతకమును పొందెను. 1768లో, ఇరువదియైదవ యేట, ఫ్రెంచి విజ్ఞాన పరిషత్తున సభ్యుడయ్యెను.

ఆ సంవత్సరముననే ఆతడు మరియొక పని చేసెను. ఉప్పు, పొగాకు మొదలగు వస్తువులపై పన్నులు వసూలు చేయు హక్కును ఫ్రెంచి ప్రభుత్వము కొందఱు ధనికుల సంఘమునకు గుత్తకిచ్చుచుండెను. సంఘమువారు రాజునకు ముందుగా సొమ్ము చెల్లించి, పిదప ప్రజలనుండి దానిని లాభముతో రాబట్టుకొనెడివారు. లావోయిజరు ఆ గుత్తలో భాగము కొనెను. శాస్త్ర పరిశోధనలకు ధనము కావలెను గదా! ఆ ధనము ఆతనికి శ్రేష్ఠమైన తరాజులను, గాజు పాత్రలను సమకూర్చెను. ప్రజలకు మాత్రము గుత్తదారుడన్న మాట విన్నంతనే ఒడలు మండెడిది.

గుత్తదారులలో నొకడైన పోల్జు అనువాని కుమార్తె మరియా ఆన్‌ను లావోయిజరు 1771లో వివాహమాడెను. అప్పటికామె వయస్సు పదుమూడేండ్లు. ఆమె రసాయన శాస్త్రమును నేర్చెను. భర్తకు రాని ఇంగ్లీషును నేర్చి ఆంగ్లేయుల గ్రంథములను ఆతనికొఱకు ఫ్రెంచిలోనికి మార్చెను. చిత్రలేఖనము నేర్చి ఆతని పరికరముల బొమ్మలను గీసెను. ప్రయోగశాలలో కొలతలను వ్రాయు చేయి తఱచుగా ఆమెదే. లావోయిజరు కీర్తిలో ఆమె భాగము తక్కువ కాదు.

1775లో లావోయిజరు ప్రభుత్వపు తుపాకిమందు శాఖ నిర్వాహకులలో నొకడై ఆయుధాగారమునకు కాపురము మార్చెను. అక్కడ ఆతని ప్రయోగశాల యూరపులోని పండితులకు యాత్రాస్థలమువంటి దయ్యెను. ఉదయమున ఆఱు మొదలు తొమ్మిది గంటల వఱకును, రాత్రి ఏడు మొదలు పది వఱకును ఆతడందే గడపెడివాడు. నడుమ కాలమంతయు పన్నుల లెక్కలకును, ప్రభుత్వపు పనులకును సరిపోయెడిది. వారమునకొక దినము మాత్రము పూర్తిగా ప్రయోగములకే కేటాయించెడివాడు.

ఆ దినములలో పదార్థములు మండుటనుగూర్చి పండితులొక సిద్ధాంతమును నమ్ముచుండిరి. కట్టెయైనను, లోహమైనను మండునప్పుడు దానిలోనున్న 'ఫ్లోజిస్టాను' అను పదార్థము వెలికి పోవునని వారి యభిప్రాయము. ఏదైనను పోయినచో బరువు తగ్గవలెను. కాని 1772లో లావోయిజరు గంధకమును, ఫాస్ఫరసును మండించి చూడగా బరువు పెరిగెను! తరాజు అబద్ధమాడదని ఆతని విశ్వాసము. పోయినదేదియు లేదు, గాలిలోనుండి ఏదియో వచ్చి చేరినదని ఆతడు గ్రహించెను.

వచ్చి చేరిన దేది? 1774లో ప్రీస్టిలీ యను ఆంగ్లేయుడు పారిసునకు వచ్చి, పాదరసపు ఎఱ్ఱని భస్మమును వేడిచేయగా దీపమును మిక్కిలి ప్రకాశముగా వెలిగించు నొక గాలి లభించినదని లావోయిజరునింట విందులో చెప్పెను. స్వీడను దేశమున షీలే అను ఔషధ వర్తకుడును ఆ గాలిని వేరుగా కనుగొనియుండెను. లావోయిజరు ఆ ప్రయోగమును తన పద్ధతిని మరల చేసెను. పాదరసమును 50 ఘనపుటంగుళముల గాలితో కూడ మూసి పండ్రెండు దినములు కాచెను. పాదరసముపై ఎఱ్ఱని రేణువులు తేలెను. గాలి సుమారు 42 ఘనపుటంగుళములకు తగ్గెను. మిగిలిన గాలిలో దీపము ఆరిపోయెను, ప్రాణులు బ్రతుకలేకపోయెను. ఆ యెఱ్ఱని రేణువులను వేరుగా మిక్కిలి వేడి చేయగా, తగ్గిన గాలి యంతయు తిరిగి వెలువడెను. రెండింటిని కలుపగా మామూలు గాలి యయ్యెను. గాలి ఒకే పదార్థము కాదనియు, మండుటయనగా అందలి యొక భాగముతో కలియుటయే యనియు ఇంతకంటె స్పష్టముగా చూపుట ఎవ్వరితరము? ఐనను ప్రీస్టిలీకి చెందవలసిన గౌరవమును లావోయిజరు నిండు మనస్సుతో ఈయలేదని చెప్పక తప్పదు.

ఇప్పుడు క్రొత్త చిక్కు వచ్చినది. ప్రీస్టిలీ ఆ గాలికి 'ఫ్లోజిస్టాను తొలగిన గాలి' యని పేరు పెట్టెను. ఫ్లోజిస్టానే లేదన్నవాడు ఆ పేరుతో నెట్లు పిలుచును? పాత మాటలతో క్రొత్త సత్యమును చెప్పబోగా ప్రతి వాక్యమునను పాత యసత్యమే వినబడుచుండెను. దిజోను నగరమున గీటన్ ద మొర్వో అను న్యాయవాది యుండెను. రసాయన శాస్త్రమునను ఆతడు ప్రవీణుడు. పేర్లను సంస్కరింపవలెనని 1782లోనే ఆతడు వ్రాసియుండెను. 1787 ఆరంభమున ఆతడు పారిసునకు వచ్చి, లావోయిజరు వాదమును ఒప్పుకొనెను. బెర్తొలే, ఫూర్‌క్రువా అను మరి యిద్దఱు పండితులు వారితో చేరిరి. నలుగురును దినదినమును కూడి చర్చించి, ఆ యేడు ఏప్రిలు 18న తమ యుద్దేశమును పరిషత్తునకు నివేదించి, కొలది నెలలలో గ్రంథమును ప్రకటించిరి.

వారి సూత్రము తేలికయైనది. విడదీయరాని పదార్థమునకు ఒక చిన్న పేరు. రెండు మూడు కలిసి యేర్పడినదానికి ఆ భాగముల పేర్లే పేరు. ప్రాణవాయువునకు ఆక్సిజను అని పేరు పెట్టిరి. గ్రీకు భాషలో ఆమ్లమును పుట్టించునది యని దాని యర్థము. నీటిని పుట్టించునది హైడ్రోజను. రాగి సల్ఫేటును ఫ్రెంచిలో సల్ఫేటు అను మాటను ముందుంచి, రాగిని పిదప చెప్పుదురు. మన ఇంటిపేరు ముందును, సొంతపేరు వెనుకను వచ్చినట్లే యున్నది!

ఒకే జంట రెండు విధముల కలిసినప్పుడు ఏమి చేయవలెను? గంధకము ఆమ్లజనితో ఎక్కువగా కలిసినచో ఒక యామ్లము, తక్కువగా కలిసినచో వేరొక యామ్లము ఏర్పడును. ఆ భేదమును వారు మాట చివర చూపిరి. ఎక్కువైనచో సల్ఫ్యూరిక్, తక్కువైనచో సల్ఫ్యూరస్. మొదటిదానినుండి పుట్టిన లవణము సల్ఫేటు, రెండవదానినుండి పుట్టినది సల్ఫైటు. ఆమ్లజని లేక గంధకము మాత్రమే లోహముతో కలిసినచో నేడు సల్ఫైడు అందుము. మన వ్యాకరణములో దీనిని ప్రత్యయము చేయు పని యనవచ్చును.

మాటకు ముందు చేరునది ఉపసర్గ. 'హారము' అను శబ్దమునకు ముందు 'ఆ' చేరిన ఆహారము, 'వి' చేరిన విహారము, 'సమ్' చేరిన సంహారము అగుచున్నవి. ఒక్క యక్షరము భోజనమును వధగా మార్చినది! రసాయన నామములలోను ఉపసర్గల బలమట్టిదే. అయితే ఆ నలుగురును ఉపసర్గలను అంతగా వాడలేదు. సమ్మేళనములలో ఏది యెన్ని పాళ్లున్నదో లెక్కించు మార్గము అప్పటికింకను తెలియదు. అది తెలియుటకు మరి యిరువదేండ్లు పట్టినది.

క్రొత్త పేర్లను అందఱును ఆదరింపలేదు. పరిషత్తు నియమించిన పెద్దలు గ్రంథమును అచ్చువేయుటకు సమ్మతించిరే గాని, మెచ్చుకొనలేదు. ప్రీస్టిలీ 1804లో మరణించువఱకు ఫ్లోజిస్టానును విడువలేదు. ముసలివారికి రోత పుట్టించిన ఆ పేర్లే పిల్లవాండ్రకు సులభమయ్యెను. లావోయిజరు 1789లో తన మహాగ్రంథమును ఆ పేర్లతోనే వ్రాసెను. అందు 33 మూలపదార్థముల పట్టిక గలదు. వెలుతురును, వేడిమిని కూడ ఆతడు ఆ పట్టికలో చేర్చెను, అది పొరపాటు.

పేరులోని చిన్న భేదము ఎంత దూరము పోవునో తెలుపు నొక దుర్ఘటన ఆ మధ్యలోనే జరిగెను. బెర్తొలే ఒక క్రొత్త లవణమును కనుగొనెను. తుపాకిమందులో సురేకారమునకు బదులు దానిని వాడవచ్చునేమోయని 1788 అక్టోబరు 27న ఎస్సోను కర్మాగారమున పరీక్ష జరిపిరి. లావోయిజరు, ఆతని భార్య, బెర్తొలే అక్కడనే యుండిరి. వారు ఫలహారమునకు పోయి తిరిగి వచ్చుచుండగా మందు ప్రేలెను. ముందు నడచిన యిద్దఱు మరణించిరి. లావోయిజరు దంపతులు కొలది క్షణముల తేడాతో బ్రతికిరి. ఆ లవణమునకు నేటి పేరు పొటాషియం క్లోరేటు. పొటాషియం క్లోరైడన్నచో రైతులు పొలమునకు వేయు పొటాషు ఎరువు. చివరి యక్షరములు మారినంతనే ఎరువు ప్రేలుడు పదార్థమైనది.

1789లో ఫ్రాన్సున విప్లవము చెలరేగెను. లావోయిజరు మొదట సంస్కరణలను కోరినవాడే. దేశమంతటికిని ఒకే తూనికలు, కొలతలు ఉండవలెనని పాటుపడిన సంఘమున పనిచేసెను. కాని ప్రజలు పన్నుల గుత్తదారులను మరచిపోలేదు. 1793 ఆగస్టులో విజ్ఞాన పరిషత్తునే మూసివేసిరి. నవంబరులో గుత్తదారులనందఱిని బంధింపుమని యుత్తరువు వచ్చెను. లావోయిజరు కొన్ని దినములు దాగియుండి, పిదప తానే పోయి మామతో కూడ లొంగిపోయెను. పొగాకులో ఎక్కువ నీరు కలిపి ప్రజలను మోసగించిరని వారిపై మోపిన నేరములలో నొకటి. పేర్ల గ్రంథమునకు తోడుపడిన గీటను, ఫూర్‌క్రువా అప్పటి రాజ్యసభలో సభ్యులై యుండియు ఆతనిని కాపాడలేకపోయిరి. ఆ భయంకర దినములలో నోరు విప్పినవాని తలయు నిలుచుట సందేహమే. 1794 మే 8వ తేదీన ఒక్క దినముననే విచారణయు, శిక్షయు ముగిసెను. ఇరువది యెనిమిది మంది గుత్తదారుల తలలను వరుసగా తీసిరి. మూడవవాడు పోల్జు, నాలుగవవాడు లావోయిజరు. మరియా ఆన్ ఒక్క దినముననే తండ్రిని, భర్తను కోల్పోయెను. ఇంటిలోని పుస్తకములను, పరికరములను కూడ ప్రభుత్వము పట్టుకొనెను. ఒకటి రెండేండ్లకు అవి తిరిగి వచ్చిన పిదప ఆమె భర్త వ్యాసములను కూర్చి అచ్చువేయించెను. 1836 వఱకు ఆమె జీవించెను.

లావోయిజరు విడిచిన పనిని ఇతరులు సాగించిరి. మూలపదార్థముల పరమాణువులు ఒకటికి ఒకటి, ఒకటికి రెండు, ఇట్లు పూర్ణసంఖ్యలలో కలియునని ఆంగ్లేయుడైన డాల్టను 1808లో ప్రకటించిన గ్రంథమున వివరించెను. దానితో పాళ్లను లెక్కించుటకు మార్గమేర్పడెను. స్కాట్లండు దేశీయుడైన థామస్ థామ్సను ఆక్సైడులను వరుసనుబట్టి ప్రోటాక్సైడు, డ్యూటాక్సైడు అని పిలిచెను. మొదటిది, రెండవది యని వాని యర్థము. కాని మొదటిది, రెండవది అనుట వరుసను తెలుపును గాని లెక్కను తెలుపదు. నడుమ మరియొకటి దొరికినచో వరుస తప్పును. అందుచేత క్రమముగా లెక్కను చెప్పు గ్రీకు మాటలే ఉపసర్గలుగా నిలిచినవి. మోనో అనగా ఒకటి, డై అనగా రెండు, ట్రై మూడు, టెట్రా నాలుగు, పెంటా ఐదు. ఇవి మనకు అన్యములు కావు. సంస్కృతమును గ్రీకును ఒకే కుటుంబపు భాషలగుటచే ద్వి, త్రి, చతుర్, పంచ అను మన మాటలకు ఇవి బంధువులే.

నత్రజనియు ఆమ్లజనియు కలిసి అనేక ఆక్సైడులగును. డైనైట్రోజన్ ట్రయాక్సైడు అనినచో రెండు నత్రజని పరమాణువులు, మూడు ఆమ్లజని పరమాణువులు. పెంటాక్సైడు అనినచో ఆమ్లజని ఐదు. మొదటి పదార్థము ఒక్కటే యున్నప్పుడు 'మోనో' చెప్పనక్కఱలేదు. మోనో, ఆక్సైడు కలియునప్పుడు నడుమ నొక యచ్చు లోపించి మోనాక్సైడగును, మన సంధులవంటిదే. ఉప్పువంటి లోహ లవణములకు సాధారణముగా ఈ లెక్కలు తగిలింపరు. ఇవిగాక 'హైపో' క్రిందిదనియు, 'పర్' మిక్కిలి యనియు తెలుపును. హైపోక్లోరస్, క్లోరస్, క్లోరిక్, పర్‌క్లోరిక్ అను నాలుగు ఆమ్లములలో ఆమ్లజని వరుసగా ఒకటి, రెండు, మూడు, నాలుగు పాళ్లుండును. ముందొక తోక, వెనుకనొక తోక తగిలించి ఒకే మాటను నాలుగు పేర్లు చేయుట ఎంత పొదుపు!

లావోయిజరు పొరపాటులును ఆ పేర్లలో నిలిచియే యున్నవి. ప్రతి యామ్లములోను ఆక్సిజను ఉండునని ఆతడు నమ్మెను. ఉప్పునుండి తీయు ఆమ్లములో అది లేదని ఆంగ్లేయుడైన డేవీ 1810లో నిరూపించెను. ఆ నాటికి పేరు పాతుకొనిపోయెను. మన తెలుగు పండితులు దానిని అట్లే తర్జుమా చేసి 'ఆమ్లజని' యనిరి. హైడ్రోజను 'ఉదజని' యైనది. కార్బానికామ్లమన్న లావోయిజరు మాటను బట్టి వచ్చినదే 'బొగ్గుపులుసు వాయువు'.

బొగ్గుపులుసు వాయువన్న పేరులో బొగ్గున్నది గాని లెక్క లేదు. బొగ్గు ఆమ్లజనితో కలిసి రెండు వాయువులగునని 1800వ సంవత్సర ప్రాంతమున గాని తేటపడలేదు. ఆమ్లజని రెండు పాళ్లున్నది కార్బన్ డయాక్సైడు. మనము విడుచు ఊపిరిలోను, సోడాబుడ్డి పొంగులోను ఉండునదిదియే. ఒక్క పాలున్నది కార్బన్ మోనాక్సైడు. గాలి చాలక బొగ్గులు మండినప్పుడు అది పుట్టును. దానికి రంగు లేదు, వాసన లేదు. అది నెత్తురులో చేరి ఆమ్లజనికి చోటు లేకుండ చేయును. చలిరాత్రి తలుపులన్నియు బిగించి, బొగ్గుల కుంపటిని ప్రక్కన నుంచుకొని పండుకొన్నవారు తెల్లవారి లేవకపోవుటకు ఆ వాయువే కారణము.